మన ఇంటి మగపిల్లలు

ఆష్‌బర్న్, వర్జీనియా
మార్చి 9

లక్ష్మీ,

మొన్న ఫోన్‌లో నువ్వు మాట్లాడుతూ ఉండగానే పెట్టేశానని కోపం తెచ్చుకోకు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు. మిషన్ పెట్టుకుంటే ఫోన్‌లో ఈల తప్ప ఏమీ వినపడదు. స్పీకర్ పెడితే ఇల్లంతా వింటుంది. అందుకే కాగితం తీసుకున్నాను. నువ్వు కమ్మింగ్‌లో కూతురి దగ్గర, నేను ఇక్కడ నా కూతురి దగ్గర. ఒకే దేశంలో ఉండి ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది.

బాబు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం అని అల్లుడు తేజేశ్వర్ మెసేజ్ పెట్టాడు కదా. అప్పటికి అది నిజమే. పుట్టిన మర్నాడు ఆసుపత్రిలో బాబు మడమ దగ్గర గుచ్చి, నాలుగు చుక్కల రక్తం ఒక అట్ట మీద అద్దుకున్నారు. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ అలా చేస్తారట. ఇంటికి వచ్చాం. వారం తిరగకముందే ఫోన్ వచ్చింది. చంద్రిక వంటింట్లో నిలబడి "ఓకే, ఓకే" అంటూ వింది. ఫోన్ పెట్టేశాక కూడా ఇంకోసారి "ఓకే" అంది.

"ఏమిటే?" అన్నాను.

"అమ్మా, వాడికి ఇమ్యూనిటీ లేదంట. తక్కువ కాదు, అసలు లేదంట."

రోగంతో పోరాడే కణాలు కొన్ని ఉంటాయి, టీ సెల్స్ అంటారు. అవి వాడి ఒంట్లో పుట్టనే లేదట. చూడబోతే ఏ లోటూ కనపడదు. బుగ్గలు, గోళ్ళు, గట్టి ఏడుపు, అన్నీ ఉన్నాయి. మనకి నాలుగు రోజుల్లో పోయే జలుబు వాడికి ప్రాణం మీదికి వస్తుందట. ఇంకొకరి ఎముకల్లోంచి మూలుగ తీసి వాడికి ఎక్కించాలట. అది కుదిరేదాకా తల్లిదండ్రులు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

చంద్రిక రక్తంలో ఏదో పాత వైరస్ ఆనవాలు ఉందట. మనలో చాలామందికి ఉంటుందట, మనల్ని ఏమీ చెయ్యదట. పాలతో పాటు వాడిలోకి వెళ్తే మాత్రం ప్రమాదమని పాలు ఆపమన్నారు. పంప్‌తో తీసి సింక్‌లో పోస్తోంది. పోసేటప్పుడు కుళాయి తిప్పి పెడుతుంది, ఆ చప్పుడు నాకు వినపడకూడదని. చప్పుడు నాకు ఎలాగూ వినపడదు. చూస్తూ ఉంటాను.

అనికకి ఐదేళ్ళు. బడి నుంచి దగ్గు మోసుకొస్తుంది, తమ్ముణ్ణి ముద్దు పెట్టుకోకుండా ఉండలేదు. అందుకని అనికని, నన్ను ఇక్కడికి ఒక మైలు దూరంలో చిన్న అపార్ట్‌మెంట్‌లోకి మారుస్తున్నారు. రేపే. వాడికి నీళ్ళు పోయడానికి వచ్చినదాన్ని, వాణ్ణి వదిలిపోతున్నాను. ఆరుష్ అని పేరు పెట్టారు. బారసాల లేదు, ఏమీ లేదు. బర్త్ సర్టిఫికెట్ కోసం పెట్టారు.

మల్లేశ్వరక్క

కమ్మింగ్, జార్జియా
మార్చి 16

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ నువ్వు ధైర్యం పోగొట్టుకోకు. ఈ రిపోర్టులు తారుమారు కావడం మనకి తెలియనిదా? మా పక్కింటి రష్మి వాళ్ళ పాపకి కూడా పుట్టగానే థైరాయిడ్ అన్నారట. రెండోసారి పరీక్ష చేస్తే ఏమీ లేదన్నారు. మీరూ రెండోసారి చేయించండి. ఇక్కడ గుడిలో ఆయుష్య హోమానికి మీ మరిదిగారు పేరు రాయించారు. ఆరుష్ నక్షత్రం ఏమిటో రాయి.

నువ్వు వేళకి తిను. నువ్వు పడిపోతే ఆ పసిదాన్ని చూసేవాళ్ళు లేరు. పెరుగన్నం తిని పడుకోవడం నీకు అలవాటు. అది ఇప్పుడు మానెయ్యి.

మా విజయకి ఐదో నెల నడుస్తోంది. స్కాన్‌లో మగపిల్లాడని చెప్పారు. ఇక్కడ అడగకపోయినా చెప్పేస్తారు. అల్లుడు చక్రధర్ అప్పుడే గదికి నీలం రంగు వేయిస్తున్నాడు. రెండుసార్లు జారిపోయాక నిలిచిన కడుపు. అది మెట్లు దిగుతుంటే నా గుండె దాని వెనకాలే దిగుతుంది. అందుకే ఆరుష్ సంగతి దానికి ఉన్నదున్నట్టు చెప్పలేదు. పచ్చకామెర్లట, నాలుగు రోజులు లైట్ కింద పెట్టారట అన్నాను. నువ్వూ చంద్రికకి ఒక మాట చెప్పి ఉంచు, ఇది ఫోన్ చేస్తే అలాగే అనమని.

లక్ష్మి

ఆష్‌బర్న్
ఏప్రిల్ 4

లక్ష్మీ,

రెండోసారి కాదు, మూడోసారి కూడా చేశారు. తారుమారు కాలేదు.

నిన్న జెనెటిక్ కౌన్సెలర్ అని ఒకావిడ కంప్యూటర్‌లో మాట్లాడింది. నన్నూ కూర్చోమన్నారు. నేను అపార్ట్‌మెంట్‌లో, చంద్రిక వాళ్ళు ఇంట్లో, ఆవిడ ఎక్కడో. ఆవిడ తెర మీద మన వంశం గీసింది. ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి చతురస్రాలు. నా చెవి కోసం చంద్రిక ప్రశ్నలన్నీ టైప్ చేసి చూపించింది. మీ తల్లిగారి వైపు పసితనంలోనే పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా, అని అడిగింది.

అమ్మకి పుట్టిన ఇద్దరు మగపిల్లల్లో పెద్దవాడు నీకు గుర్తుండడు, నువ్వు పుట్టకముందే పోయాడు. రెండోవాడు పోయేనాటికి నీకు మూడేళ్ళు. ఆ కడుపున మగపిల్లలు నిలవరు అని చీరాలలో అందరూ అనేవాళ్ళు. పేరంటాలకి పిలిచినా అమ్మ వెనక వరసలో కూర్చునేది. ఇద్దరున్నారని చెప్పాను. ఆవిడ రెండు చతురస్రాలు గీసి వాటి మీద అడ్డగీతలు పెట్టింది.

అప్పుడు నా బాబు సంగతి చెప్పాను. చంద్రికకి ముందు పుట్టి ఐదో నెలలో పోయినవాడు. తనకో అన్న ఉండేవాడని చంద్రికకి తెలుసు. జ్వరం వచ్చి పోయాడని తెలుసు. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"అమ్మా, అన్నయ్యకి నోట్లో తెల్లగా పూత ఉండేదా?"

"ఉండేది. తేనె రాసేదాన్ని."

"దగ్గు?"

"పుట్టిన రెండో నెల నుంచీ."

"బరువు పెరగలేదు కదా?"

"చిక్కిపోయాడు తల్లీ. నా పాలు చాలలేదన్నారు."

"అదే ఇది అమ్మా. సేమ్ థింగ్" అంది. మూడో చతురస్రం మీద కూడా అడ్డగీత పడింది.

బాపట్ల పెళ్ళికి తీసుకెళ్ళి పసివాడికి దిష్టి తగిలించుకొచ్చిందని మా అత్తగారు పోయేదాకా అన్నారు. ఎదురు చెప్పలేక విన్నాను. నాలో నేను కూడా నమ్మాను. ఇప్పుడు దిష్టి కాదని తేలింది కాబట్టి మనసు తేలికపడాలి కదా. పడలేదు. నా ఒంట్లో దాక్కుని ఉన్నదే వాడికి, ఇప్పుడు వీడికి కూడా వెళ్ళిందట. ఆడవాళ్ళకి ఏమీ చెయ్యదట. మోసి, కొడుకులకి ఇస్తారట.

ఇక నీకు చెప్పవలసింది. ఇది అమ్మ నుంచి నాకు వచ్చింది. నీకు వచ్చిందో లేదో తెలియదు, సగానికి సగం అవకాశమట. నీకు వచ్చి ఉంటే విజయకి కూడా రావచ్చు. ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుందట. పుట్టబోయేది మగపిల్లాడు. ముందే తెలిస్తే పుట్టిన రోజు నుంచే కాపాడుకోవచ్చు. ఈ ఉత్తరం చూసిన వెంటనే విజయకి చెప్పు.

మల్లేశ్వరక్క

కమ్మింగ్
ఏప్రిల్ 15

అక్కా,

ఉత్తరం అందింది. అంతా చదివాను.

ఇక్కడ చెట్లన్నీ పూశాయి. పసుపు పుప్పొడి కారు మీద వేలితో రాసేంత మందంగా పడుతోంది. మీ మరిదిగారికి తుమ్ములు ఆగడం లేదు. విజయకి తొమ్మిదో నెల రాగానే సీమంతం చేద్దామని అనుకుంటున్నాం. పెద్దగా కాదు, వాళ్ళ ఆఫీసు స్నేహితులు, కాలనీలో మనవాళ్ళు. గాజులు ఇండియా నుంచి తెప్పిస్తున్నాను.

నువ్వు రాసినది అబద్ధమని నేను అనను. కానీ నా కొడుకు చైతన్య నిక్షేపంగా ఉన్నాడు కదా. ముప్పై దాటాయి. చిన్నప్పుడు వాడికి ఒక్క జ్వరం వస్తే ఒట్టు. నాకు ఉంటే వాడికి రావాలి కదా? డాక్టర్లకి మన ఇంటి సంగతులు పూర్తిగా తెలియవు. ఇప్పుడు విజయకి ఈ మాట చెబితే అది తిండి మానేస్తుంది. నిద్ర మానేస్తుంది. మూడోసారి కూడా ఏమైనా అయితే ఆ పాపం ఎవరిది? నెలలు నిండనీ. సమయం చూసి నేనే చెబుతాను.

అనికకి ఒక గౌను కుట్టించి పంపుతున్నాను. జేబులున్నాయి. జేబులంటే దానికి ఇష్టమని చంద్రిక ఒకసారి అంది.

లక్ష్మి

ఆష్‌బర్న్
మే 12

లక్ష్మీ,

గౌను సరిపోయింది.

కొడుకు బాగున్నంత మాత్రాన తల్లికి లేదని కాదట. కౌన్సెలర్‌ని అడిగించాను. ఒకడికి రాకపోవచ్చు, మరొకరికి రావచ్చు. నీకు నమ్మకం లేకపోతే విజయని ఆవిడతో మాట్లాడమను. నెలలు నిండాక చెబుతానంటున్నావు. నిండాక చెప్పి ఏం లాభం?

ఇక్కడ ట్రాన్స్‌ప్లాంట్ అయింది. సరిపోయే మూలుగ కోసం, ఇస్తామని పేర్లు రాయించుకున్న దాతల రిజిస్ట్రీలో వెతికారు. అందులో మనవాళ్ళు చాలా తక్కువమంది ఉన్నారట, ఎవరిదీ సరిపోలేదు. అనిక రక్తం తీశారు. "తమ్ముడికి నేను ఇస్తాను" అని అందరికీ చెప్పుకుంది, ఏడవకుండా చెయ్యి చాపింది. సరిపోలేదు. ఆ మాట దానికి ఎవరు చెప్పాలో తెలియక మూడు రోజులు ఎవరం చెప్పలేదు. చివరికి తేజేశ్వర్‌ది సగం సరిపోతుందని అతని నడుం ఎముకలోంచి తీశారు. వాడికి ఎక్కించేటప్పుడు చంద్రిక ఆసుపత్రి నుంచి వీడియోలో చూపించింది. అరచేతిలో పట్టేంత సంచి. గంటసేపు కూడా పట్టలేదు. ఇదేనా, దీనికోసమేనా ఇదంతా, అనిపించింది. ఇక చెయ్యడానికి ఏమీ లేదట. పట్టుకుంటుందో లేదో ఎదురుచూడాలట. తండ్రి కణాలు కొడుకుని పరాయివాడనుకుని తిరగబడవచ్చు కూడానట.

తేజేశ్వర్ నొప్పితోనే ఆఫీసు పని చేస్తున్నాడు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది, వీసా కూడా పోతుంది. ఆసుపత్రి గదిలో ఒక మూల కూర్చుని మీటింగ్స్‌లో మాట్లాడతాడు.

వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళకముందు రోజూ సాయంత్రం నేనూ అనికా ఆ ఇంటి ముందు గడ్డిలో నిలబడేవాళ్ళం. చంద్రిక కిటికీ దగ్గర బాబుని ఎత్తి చూపించేది. అనిక కొత్త బూట్లు చూపించాలని కాళ్ళు పైకెత్తి గెంతేది.

"బేబీ నా షూస్ చూశాడా అమ్మమ్మా?"

"చూశాడు తల్లీ."

"నో. హి వాజ్ స్లీపింగ్. నువ్వు ఊరికే చెప్తున్నావ్."

మాట దాటేశాను. పడుకోబెట్టేటప్పుడు మళ్ళీ అడిగింది, ఎందుకు ఊరికే చెప్పావని.

విజయకి చెప్పు.

అక్క

కమ్మింగ్
మే 27

అక్కా,

నీకు ఇప్పుడు సంతోషమా?

శుక్రవారం చంద్రిక విజయకి ఫోన్ చేసింది. ఆసుపత్రి నుంచే చేసిందట. నేను వంకాయలు తరుగుతున్నాను. విజయ మేడ మీద నుంచి దిగి వచ్చింది. రెయిలింగ్ పట్టుకోకుండా దిగింది.

"అమ్మా, నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

నేను ఇంకో వంకాయ తీసుకున్నాను.

"నువ్వు నాకు జాండిస్ అని చెప్పావ్. చంద్రికక్కకి ఫోన్ చేసి నేను సలహా ఇచ్చానమ్మా! పొద్దున పూట బాబుని ఎండలో పెట్టు, తగ్గిపోతుంది అని. అక్క 'అలాగేనే' అంది. వాణ్ణి గది దాటించడానికి లేదు, అది నాతో అలాగేనే అంది. నాకు ఎలా ఉంటుందో ఆలోచించావా?"

నీకు భయం వేస్తుందని చెప్పలేదే అన్నాను. "నా భయం కాదు, నీ భయం" అంది. మర్నాడే చక్రధర్ దాన్ని తీసుకెళ్ళి రక్తం ఇప్పించాడు. అప్పటి నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. అన్నం పెట్టమ్మా, చాలమ్మా, అంతే.

నేను చెబుతానన్నాను కదా. నా కూతురికి ఎప్పుడు ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదా? నీ ఇంట్లో నిప్పు పడింది, నిజమే. దాన్ని నా ఇంటి దాకా తీసుకురావడానికి మీ తల్లీకూతుళ్ళకి అంత తొందర ఎందుకు? ఈ మాట రాయకూడదని తెలుసు. రాశాక చింపేద్దామనుకున్నాను. చింపడం లేదు.

లక్ష్మి

ఆష్‌బర్న్
జూన్ 10

లక్ష్మీ,

చింపకపోవడమే మంచిదయింది.

చంద్రికని ఫోన్ చెయ్యమని నేను చెప్పలేదు. చెయ్యొద్దని కూడా చెప్పలేదు. ఆ రోజు ఆరుష్‌కి జ్వరం నూట మూడు దాటింది. ఒంటి మీద ఎర్రగా దద్దు. వాళ్ళ నాన్న కణాలు తిరగబడుతున్నాయేమో అన్నారు. డాక్టర్లు అటూ ఇటూ పరిగెడుతుంటే చంద్రికని బయట కూర్చోమన్నారట. అలా బయట కూర్చుని విజయకి ఫోన్ చేసింది. ఒక్క బిడ్డకైనా ముందు తెలియాలి అమ్మా, అంది నాతో తరవాత. దాని మీద నాకు కోపం రాలేదు. నీ మీద కూడా రాలేదు. నేనూ ఒకప్పుడు కడుపుతో ఉన్నప్పుడు నాకు ఎవరూ ఏమీ చెప్పకూడదనే అనుకునేదాన్ని.

జ్వరం మందులతో దిగింది. దద్దు ఇంకా ఉంది. వారానికి రెండుసార్లు రక్తం తీసి టీ సెల్స్ లెక్క చూస్తారు. సున్నా. ప్రతిసారీ సున్నా. ఫలితం వచ్చే రోజు చంద్రిక నాకు మెసేజ్‌లో సున్నా అంకె ఒక్కటే పంపిస్తుంది. నేను దండం పెట్టే బొమ్మ పంపుతాను.

నేను చేసేది వంట. డబ్బాలో పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళమని చంద్రిక వాళ్ళ స్నేహితుడు భానుప్రకాష్ చేతికిస్తాను. లోపలికి వెళ్ళాక వేడి చేసి తింటున్నారో, పారేస్తున్నారో తెలియదు. డబ్బాలు కడిగి వస్తాయి.

విజయ పరీక్ష ఏమైందో రాయి.

అక్క

కమ్మింగ్
జూలై 2

అక్కా,

సీమంతం చేశాం. పదిమందే. విజయ గాజులు వేయించుకుంది, నవ్వింది, ఫోటోలకి నిలబడింది. పులిహోర కొంచెం మిగిలింది. ఎండలు మండిపోతున్నాయి. చక్రధర్ తొట్టె బిగించాడు, ఒక స్క్రూ తక్కువైతే మళ్ళీ ఐకియా షాపుకి వెళ్ళి వచ్చాడు.

ఆరుష్‌కి దద్దు తగ్గిందా? అనిక నీళ్ళు సరిగ్గా తాగుతోందా?

పరీక్ష సంగతి తరవాత రాస్తాను.

లక్ష్మి

ఆష్‌బర్న్
జూలై 19

లక్ష్మీ,

తరవాత రాస్తానన్నావు. ఆ మాటకి అర్థం నాకు ఒక్కటే తోచింది. విజయకి కూడా ఉందని, నాకు చెప్పలేక గాజులూ పులిహోరా రాశావని అనుకున్నాను. రెండు వారాలు ఆ దిగులుతోనే ఉన్నాను. అమ్మ బొమ్మ ముందు దీపం పెట్టి, ఇచ్చిందేదో నాకే ఇచ్చావనుకున్నాను కదమ్మా, దానికి కూడా ఎందుకిచ్చావు, అని అడిగాను.

నిన్న చంద్రికతో ఆ మాటే అంటే, తెల్లబోయింది. "విజయకి లేదు కదమ్మా! జూన్ మొదట్లోనే రిజల్ట్ వచ్చింది. విజయ ఏడ్చుకుంటూ నాకే ఫస్ట్ చెప్పింది. పిన్ని నీకు రాయలేదా?" అంది.

మంచి వార్త కూడా దాస్తావా నా దగ్గర?

నిజం రాస్తాను, ఆ నిప్పు ఉత్తరంలో నువ్వు నిజం రాశావు కాబట్టి. చంద్రిక ఆ మాట చెప్పగానే నాకు సంతోషం కలగలేదు. నీ ఇంటికెందుకు రాలేదు, నా ఇంటికే ఎందుకు, అనిపించింది. ఒకే తల్లికి పుట్టాం. నీ కొడుకు బతికాడు, నీ మనవడు బతుకుతాడు. గిన్నెలు తోమే పని ఉంటే తోమాను. లేనివి కూడా తోమాను. కాసేపటికి అది పోయి, సంతోషం వచ్చింది. ఆలస్యంగా వచ్చిందని నీకు చెబుతున్నాను. వచ్చింది మాత్రం నిజం.

నాకు ఇక్కడ ఉండడానికి ఇచ్చిన ఆరు నెలలు అయిపోయాయి. ఉండనివ్వమని తేజేశ్వర్ అప్లై చేశాడు. జవాబు రాలేదు. వచ్చేదాకా ఉండవచ్చట.

అక్క

కమ్మింగ్
ఆగస్టు 14

అక్కా,

విజయకి మగపిల్లాడు పుట్టాడు. ఏడున్నర పౌండ్లు. ఆపరేషన్ లేకుండా అయింది. వారం ఆగి, ఇది నీకు అందరికంటే ముందు రాస్తున్నాను. చైతన్యకి కూడా ఇంకా ఫోటో పెట్టలేదు.

రిపోర్టు వచ్చిన రోజు కాగితం ముందేసుకున్నాను అక్కా. "విజయకి లేదు" అని రాసి చూసుకున్నాను. అది నీ కళ్ళముందు ఎలా ఉంటుందో అనిపించింది. నీకు సున్నాలు వస్తున్నాయి. నాకు అన్నీ వచ్చేశాయి. మొన్న మొన్ననే నీ ఇంటి నిప్పు అని రాసినదాన్ని, ఇప్పుడు మా ఇంటికి అంటలేదు అని ఏ మొహంతో రాయను? అందుకే పులిహోర గురించి రాశాను. నువ్వు దీపం పెట్టి అమ్మని అడిగానన్న మాట చదివాక, రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆసుపత్రిలో నర్సు వచ్చి బాబు మడమ గుచ్చింది. అట్ట మీద రక్తం చుక్కలు. ఇదేనా అని విజయని అడిగాను. ఇదేనమ్మా అంది. దానికి లేదని తెలుసు, బాబుకి రాదని తెలుసు. అయినా ఇంటికి వచ్చాక వారం రోజులూ అది ఫోన్ పక్కన పెట్టుకునే పాలిచ్చింది. పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది. ఫోన్ రాలేదు. రాకపోవడమే మంచి ఫలితమట.

ఆరుష్‌కి ఏమైనా వచ్చాయా? ఒకటైనా?

లక్ష్మి

ఆష్‌బర్న్
అక్టోబరు 20

లక్ష్మీ,

మనవడి ఫోటో చూశాను. చెవులు అచ్చం మీ ఆయనవి. ఎత్తుకున్నప్పుడల్లా నా వంతు కూడా ఎత్తుకో.

ఆలస్యంగా రాస్తున్నాను. సెప్టెంబరులో చంద్రిక నుంచి ఒక రోజు సున్నా కాని అంకె వచ్చింది. ఏదో పొరపాటున నొక్కిందనుకున్నాను. తరవాతి వారం అంతకంటే పెద్ద అంకె. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. ఆ వయసు పిల్లలకి వేలల్లో ఉండాలట. ఇంకో రకం కణాలు మాత్రం రాలేదు, రాకపోవచ్చు కూడానట. అలా అయితే అవి ఒంట్లో తయారుచెయ్యాల్సినదాన్ని నెల నెలా సూదితో ఎక్కించుకుంటూ ఉండాలి, బతికినన్నాళ్ళూ. మళ్ళీ తండ్రి మూలుగ ఎక్కించాల్సి వస్తుందో లేదో వసంతానికి గానీ చెప్పలేమన్నారు. గండం గడిచినట్టేనా అని డాక్టర్‌ని అడగమంటే, ఆయన గడిచిందనీ అనడు, లేదనీ అనడు. మంచి దారిలో ఉన్నాడు అంటాడట. చంద్రిక ఆ మాటని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

ఇంటికి తెచ్చారు. నిన్న మా ఇద్దరినీ రానిచ్చారు. అనికని బడికి పంపడం లేదు కాబట్టి, మాకు జలుబూ దగ్గూ లేవు కాబట్టి రావచ్చన్నారు. పొద్దున్నుంచీ అది సిద్ధమే. దారిలో పాట పాడింది. గుమ్మంలోనే బట్టలు మార్చుకున్నాం. అది మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది, కడుక్కుని మళ్ళీ కడుక్కుంది. తల్లి పిలిచినా ఆపలేదు. నేనే కుళాయి కట్టేశాను.

చంద్రిక హాల్లో కార్పెట్ మీద బాబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిది నెలల పిల్లాడు. జుట్టు పల్చగా ఉంది. మాస్కులు వేసుకున్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"రా నాన్నా, ముట్టుకో. ఇట్స్ ఓకే నౌ" అంది చంద్రిక.

అనిక కదలలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"డాక్టర్ అంకుల్ ఓకే చెప్పారు కన్నా" అన్నాడు తేజేశ్వర్.

"నో థాంక్యూ" అంది.

ఎవరో బిస్కెట్ పెడితే వద్దన్నంత మర్యాదగా అంది. చంద్రిక ఇంకోసారి పిలిచింది. ఈసారి అది చెప్పుల స్టాండు దగ్గరికి వెనక్కి నడిచి, గోడకి ఆనుకుని నిలబడింది. మాస్కు పైన కళ్ళు నీళ్ళతో నిండాయి, కారనివ్వడం లేదు.

"నాకు దగ్గు రాదని నీకు ఎలా తెలుసు?" అని తల్లిని అడిగింది. "నువ్వు చెప్పలేవు. ఎవరూ చెప్పలేరు."

చంద్రిక నా వైపు చూసింది. తేజేశ్వర్ కూడా చూశాడు. పెద్దదాన్ని కదా, ఏదో ఒకటి చెబుతానని. లక్ష్మీ, నువ్వయితే ఏం చేసేదానివి? వెళ్ళి దాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తమ్ముడి మీద పెట్టాలా? ఊరుకోవాలా? అది అడిగినదాంట్లో తప్పేముంది?

నేనూ బాబుని ఎత్తుకోలేదు. ఎత్తుకోవచ్చన్నారు. దాన్ని అక్కడ ఒంటరిగా నిలబెట్టి ఎలా ఎత్తుకోను? దాని పక్కనే, చెప్పుల స్టాండు దగ్గర కింద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. కాసేపటికి అదీ నా పక్కన కూర్చుంది, చేతులు ఒంటి కింద పెట్టుకుని. అటువైపు వాళ్ళు ముగ్గురు, ఇటువైపు మేమిద్దరం, మధ్యలో కార్పెట్. పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాం. బాబు నిద్రపోయాడు. లేచాడు. మళ్ళీ మమ్మల్ని చూశాడు.

రేపు కూడా వెళ్తాం. అది వస్తానంది. కూర్చోవడానికి మాత్రమేనని చెప్పించుకుంది నా చేత.

అక్క